జా రిలేషన్స్: పేర్ల పట్టిక పక్కన పెట్టాకే నాకు అర్థమైంది

దంతవైద్యంలో పీజీ ప్రవేశ పరీక్ష నీట్ ఎండీఎస్ మొదటిసారి రాసినప్పుడు జా రిలేషన్స్ (పై దవడకీ కింది దవడకీ మధ్య ఉండాల్సిన స్థానం, దూరం) మొత్తం బట్టీ కొట్టాను. ఒక్కో పద్ధతికి ఒక్కో పేరు: నిస్వాంగర్, సిల్వర్‌మన్, బూస్, గైసీ... పరీక్ష హాల్లో అన్నీ కలగాపులగం అయిపోయాయి. తప్పు జవాబుకి ఒక మార్కు పోతుందన్న టెన్షన్‌లో తెలిసినవి కూడా వదిలేశాను.

రెండోసారి చదివేటప్పుడు, ఇంటర్న్‌షిప్‌లో నేను కట్టుడు పళ్ళు చేసిన ఒక పెద్దావిడను గుర్తు చేసుకుంటూ చదివాను. పళ్ళు నోట్లో పెట్టి చూసే ట్రయల్‌లో ఆవిడ మాట్లాడుతుంటే పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. "నోరంతా పళ్ళే ఉన్నట్టుంది బాబూ" అన్నారు. కుర్చీ వెనక్కి వాల్చి కొలిచాను, అదే తప్పు. తల వెనక్కి వాలితే కింది దవడ జారి, రెస్ట్ కొలత (దవడ వదులుగా ఉన్నప్పటి ముఖం ఎత్తు) ఎక్కువ వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, ముక్కు కొన మీద, గడ్డం మీద చుక్కలు పెట్టి, "అమ్మా" అనిపించి మళ్ళీ కొలిచాను. ఇలాగే చుక్కలు పెట్టి, గుటక మింగించి, వదులుగా ఉండమని కొలిస్తే అది నిస్వాంగర్ పద్ధతి. రిమ్‌లు (పళ్ళ స్థానంలో పెట్టే మైనపు గట్లు) కలిసినప్పటి కొలతకీ రెస్ట్ కొలతకీ తేడా 2 నుంచి 4 మి.మీ. ఉండాలి. 'స' పలికేటప్పుడు పళ్ళు తాకకూడదన్నది సిల్వర్‌మన్ మాట. పుస్తకంలోని ఇంగ్లీషు పదాలు ఆవిడకు నోరు తిరగలేదు, "సరస్వతి" అనిపించాను. ఈసారి చప్పుడు రాలేదు.

సెంట్రిక్ రిలేషన్, అంటే కింది దవడ తన కీలులో సరిగ్గా కుదురుకునే స్థానం దగ్గర ఇంకో ఇబ్బంది. ఏళ్ళ తరబడి పళ్ళు లేక ఆవిడకు దవడ ముందుకు పెట్టడం అలవాటైంది. నాలుక కొనను అంగిట్లో బాగా వెనక్కి తాకించి మూయమంటే సరైన చోటికి వచ్చింది.

ఆ స్థానాన్ని గీతతో పట్టుకునే గోతిక్ ఆర్చ్ ట్రేసింగ్‌కి చదివేటప్పుడు కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి. దవడను ముందుకీ పక్కలకీ కదిలిస్తే ఒక దవడకు బిగించిన సూది, రెండో దవడకు బిగించిన పలక మీద బాణం గుర్తు గీస్తుంది, దాని మొనే సెంట్రిక్. మొన పదునుగా వస్తే తీసుకోవచ్చు, మొద్దుగానో రెండు మొనలుగానో వస్తే మళ్ళీ చేయాలి. మెత్తగా కదిలే రిడ్జ్ (పళ్ళు పోయాక మిగిలే చిగురు గట్టు) ఉన్నా, నాలుక మరీ పెద్దదైనా, సూదిని మోసే బేస్ నిలవదు కాబట్టి ఈ పద్ధతి నమ్మలేం. కారణం తెలిస్తే ఆప్షన్లు తేలిగ్గా కొట్టేయొచ్చు.

సొంత పళ్ళున్న పేషెంట్లలో సెంట్రిక్ కోసం, డాక్టర్ చేతులతో దవడను నడిపించే డాసన్ రెండు చేతుల పద్ధతి, ముందు పళ్ళ మధ్య పెట్టే లూసియా జిగ్, లీఫ్ గేజ్ చూసుకోండి. చివరి రెండింటి పనీ ఒకటే, వెనక పళ్ళు తాకకుండా ఆపడం.

సెంట్రిక్ రిలేషన్ నిర్వచనం దగ్గర మాత్రం జాగ్రత్త. పాత నోట్సులో కాండైల్ (కీలులో కూర్చునే దవడ ఎముక కొన) "బాగా వెనుక" అని ఉంటుంది. 1987 నుంచి కట్టుడు పళ్ళ శాస్త్రం (ప్రోస్థోడాంటిక్స్) పదాల గ్లాసరీ దాన్ని "ముందుకు, పైకి" అని మార్చింది. మీ నోట్సులో ఏది ఉందో ఈరోజే చూసుకోండి.