పిడి వెనక చెమ్మ

ఆదివారం పొద్దున్నే అమ్మ కేకేసింది, వసారా అంతా పెట్రోలు వాసన కొడుతోందని. వెళ్లి చూస్తే నాన్న బండి కింద గచ్చు మీద అరచేతంత మరక. ముందు వంటింట్లో పొయ్యి కట్టేయమన్నాను. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగానే పాకుతుంది. బండిని తోసుకెళ్లి బయట వేపచెట్టు కింద పెట్టాను.

2001లో కొన్న బండి. నాన్నకు కంటి ఆపరేషన్ అయ్యాక నేనే నడుపుతున్నాను.

ట్యాంకు అడుగున పెట్రోలు వదలడానికి, ఆపడానికి ఉండే చిన్న కుళాయి, అదే పెట్రోల్ ట్యాప్‌ని పాత బనీను గుడ్డతో పొడిగా తుడిచి, దాన్నే చూస్తూ కూర్చున్నాను. ట్యాంకుకు బిగించిన చోట కారితే ఓరింగ్ (అక్కడుండే రబ్బరు రింగు) పోయినట్టు, పైపు దగ్గరైతే క్లిప్పు వదులైనట్టు. రెండు చోట్లా తడి లేదు. తిప్పే పిడి వెనక నుంచి సన్నగా చెమ్మ ఊరి, చుక్కై, జారింది. లోపలి రబ్బరు బిళ్ళ పోయిందన్నమాట.

పైపు చివర డబ్బాలో పెట్టి, పిడి రిజర్వుకు తిప్పి ట్యాంకంతా దించాను. రెండు స్క్రూలు విప్పితే చిన్న రేకు, వంపుల వాషరు, పిడి, దాని వెనక నాలుగు చిల్లుల బిళ్ళ. మెత్తగా ఉండాల్సింది గోరులా గట్టిపడింది. ఒక చిల్లు అంచున వెంట్రుకంత పగులు, అందులో ఇరుక్కున్న తుప్పు రేణువు. ఇన్నేళ్ల రబ్బరు మరి. పైగా ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, పాత బండ్ల రబ్బరుకు అది పడదు.

ట్యాప్ మొత్తం ఊడదీస్తే లోపలి గొట్టం కనిపించింది. ఆన్‌లో ఉన్నంతసేపు దాని పై కొస నుంచే పెట్రోలు దిగుతుంది. మట్టం అంతకంటే తగ్గితే బండి ఆగిపోతుంది, అప్పుడు రిజర్వుకు తిప్పితే అడుగున ఉన్న రంధ్రం అందుకుంటుంది. చిన్నప్పుడు నేను ట్యాంకు మీద కూర్చునేవాణ్ణి. ఇంజను గుక్కపట్టగానే నాకు టెన్షన్. నాన్న రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఎడమచెయ్యి కిందికి పోనిచ్చి పిడి తిప్పేవాడు. రెండు క్షణాలకు బండి మళ్లీ అందుకునేది. తమ్ముడి కొత్త బండి ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది, పెట్రోలును పంపే పంపుతో అందుకుంటుంది, దానికి ఈ పిడే లేదు.

ఆదివారం కదా, మూడో షాపు తెరిచి ఉంది. బిళ్ళ, ఓరింగ్ కలిపి 60 రూపాయలు. ట్యాప్ గొట్టం చుట్టూ ఉండే వడపోత జాలీకి పట్టిన గోధుమరంగు మడ్డి బ్రష్షుతో కడిగి, స్క్రూలు రెండూ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాను. ట్యాప్ మెత్తటి లోహం, మర తినేసిందంటే మొత్తం కొనాల్సిందే.

పెట్రోలు పోసి కింద న్యూస్‌పేపర్ పరిచాను. నాన్న కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు.

“ఆన్‌లో ఒక్కటే చూస్తే చాలదురా. ఆన్, ఆఫ్, రిజర్వు, మూడింట్లోనూ చూడు.”

ఒక్కోదాంట్లో పది నిమిషాలు ఉంచాం. పేపరు మీద చుక్క లేదు. నాన్న వంగి, పిడి వెనక వేలు పెట్టి తడిమి, ఆ వేలు వాసన చూసుకున్నాడు.

“పొడిగానే ఉంది. కిక్ కొట్టు.”