బడిలో ఏఐ: ఫొటో చూపించినా తెరుచుకునే తలుపు

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఏఐ అయ్యవారిగా వచ్చింది. కేరళలో పాఠంగా వచ్చింది. ఈ తేడాను ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, అసలు సంగతంతా అక్కడే ఉంది.

తెలంగాణలో 2025లో ఎక్‌స్టెప్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ సాయంతో ఏఎక్స్‌ఎల్ అనే ఏఐ బోధన కార్యక్రమం మొదలైంది. మూడు నుంచి ఐదో తరగతి వరకు చదువులో వెనకబడ్డ పిల్లలకు తెలుగు, ఇంగ్లిషు, లెక్కల్లో సాధన చేయిస్తుంది. ఆలోచన మంచిదే, చిక్కంతా టైమ్‌టేబుల్‌తోనే. ఐదు కంప్యూటర్లు, నలభై మంది పిల్లలు ఉన్నారనుకోండి. తలా ఇరవై నిమిషాలంటే ఎనిమిది విడతలు, 160 నిమిషాలు, అంటే నలభై నిమిషాల పీరియడ్లు నాలుగు. ఒక్క కంప్యూటర్ మూలపడితే ఐదు పీరియడ్లు. పైగా గొంతు విని తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్‌కి ఏదైనా మైకున్న హెడ్‌సెట్ తప్పనిసరి. లేకపోతే పక్క పిల్లాడు చదివింది ఈ పిల్ల ఖాతాలో పడుతుంది.

కేరళలో బడులకి కంప్యూటర్ చదువు తెచ్చేందుకు 2001లో మొదలైన ప్రభుత్వ పథకం ఐటీ ఎట్ స్కూల్ ఇప్పుడు కైట్ అనే సంస్థ అయింది. ల్యాబుల్లో ఉచిత సాఫ్ట్‌వేర్ వాడకం వాళ్లకి పాత అలవాటే. 2024 మేలో టీచర్లకి మూడు రోజుల ఏఐ శిక్షణ మొదలుపెట్టారు. లక్ష్యం 80 వేల మంది. అదే ఏడాది ఏడో తరగతి ఐసీటీ (కంప్యూటర్) పుస్తకంలో ఏఐ చేరింది. 2025లో పదో తరగతికి రోబోటిక్స్ వచ్చింది, బడులకి 29 వేల కిట్లు పంచారు.

ఆ పదో తరగతి పాఠంలో ఒక ప్రయోగం ఉంది: మనిషి ముఖం కనబడితే తెరుచుకునే తలుపు. కావలసినవి ల్యాప్‌టాప్ వెబ్‌క్యామ్, ఆర్డునో బోర్డు (ప్రోగ్రామ్ చెప్పినట్టు మోటర్లను నడిపే చిన్న సర్క్యూట్), సర్వో మోటరు (చెప్పినంత కోణం తిరిగేది), పిక్టోబ్లాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో కొన్ని పైథాన్ లైన్లు. ఇలాంటిది చేయిస్తే ఎక్కడ తంటా వస్తుందో ముందే చెప్పొచ్చు. కిటికీకి వీపు పెట్టి నిలబడితే ముఖం నల్లగా పడి దొరకదు. తలుపు బిగుసుకుంటే సర్వో ఎక్కువ కరెంటు లాగుతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. పిల్లలేమో ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతుంటారు. సర్వోకి వేరే 5 వోల్టుల సప్లై ఇచ్చి, ఆ సప్లైదీ బోర్డుదీ రెండు గ్రౌండ్లూ (నెగటివ్ వైర్లు) కలిపితే సరి. గ్రౌండ్లు కలపడం మరిచారా, సర్వో పిచ్చిగా తిరుగుతుంది. కెమెరా వరసగా తీసే బొమ్మల్లో ఒక్క ఫ్రేములో ముఖం తప్పినా మూసేయమంటే తలుపు టపటపా కొట్టుకుంటుంది. వరసగా ఐదారు ఫ్రేముల్లో కనబడకపోతేనే మూయమనాలి.

అన్నీ కుదిరాక ఎవరో ఒకరు ఫోన్‌లో సినిమా హీరో ఫొటో పెట్టి చూపిస్తారు. తలుపు తెరుచుకుంటుంది! ముఖం ఉందని కనిపెట్టడం వేరు, అది ఎవరిదో గుర్తుపట్టడం వేరు, ఎదురుగా ఉన్నది ప్రాణమున్న మనిషేనని తేల్చుకోవడం ఇంకా వేరు. పుస్తకంలో పేజీ చదివితే ఎక్కనిది ఆ ఒక్క ఫొటోతో ఎక్కుతుంది.

మన దగ్గర తెలంగాణలో పిల్లల హాజరు కూడా ముఖంతోనే. 2025 ఆగస్టు నుంచి టీచర్లకీ అదే. ముఖం చూసి హాజరు వేసే యాప్‌లు కొన్ని రెప్ప వేయమని ఎందుకు అడుగుతాయో, మసక వెలుతురులో ఎందుకు మొరాయిస్తాయో ఆ పిల్లలకి పాఠంగా చెప్పాలి. అందుకు పెద్ద ఖర్చేం లేదు. ఒక ల్యాప్‌టాప్, ఒక ఆర్డునో, ఒక సర్వో, అట్టతో చేసిన ఒక తలుపు, రెండు పీరియడ్లు.