ఫజ్ పెడల్ డబ్బాలో వైర్లు

మా తమ్ముడి కోసం కడుతున్న ఫజ్ పెడల్ (గిటార్ సౌండ్‌ను గరగరలాడించే, కాలితో నొక్కే డబ్బా) లోపలి సర్క్యూట్ బోర్డు మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాల లోపే అయిపోయింది. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ అనే పెడల్ సర్క్యూటే, రెండు ట్రాన్సిస్టర్లు, మూడు కెపాసిటర్లు, నాలుగు రెసిస్టర్లు, అంతే. కానీ దాన్ని డబ్బాలో పెట్టి మోగించేసరికి రాత్రి పదకొండైంది, ఆ టైమంతా బయటి వైరింగే తినేసింది. జాకులు (కేబుల్ గుచ్చే సాకెట్లు), పాట్లు (వాల్యూమ్ లాంటివి తిప్పే నాబులు), ఎల్ఈడీ, కాలి స్విచ్, అడాప్టర్ సాకెట్. కొత్తగా కట్టేవాళ్లు ఇక్కడే విసిగిపోయి వదిలేస్తారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు వైరు సంగతి. మేముండేది వైజాగ్ ఎంవీపీ కాలనీలో, సముద్రపు గాలికి ఇనుమే కాదు రాగి కూడా పాడవుతుంది. పోయిన వానాకాలం నుంచి బల్ల మీదున్న వైరు చుట్ట కొస ఒలిచి చూస్తే నల్లబడిపోయి ఉంది. దానికి లెడ్ (అతికించే టంకం) పట్టదు, ఎంత వేడి చేసినా గోళీలా జారిపోతుంది. మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, ఒలిచిన వెంటనే కొసకు లెడ్ పూసేయండి. వైజాగ్‌లో ఉంటే తగరం పూత ఉన్న వైరు కొనుక్కోవడమే మేలు.

నా రాత్రంతా పాడుచేసింది స్విచ్. తొమ్మిది కాళ్ల త్రీపీడీటీ, అంటే ఒక్క నొక్కుతో మూడు దారులు ఒకేసారి మార్చే రకం. మూడేసి కాళ్ల వరసలు మూడు, ఒక్కో వరసలో మధ్య కాలు ఒకసారి ఇటు, నొక్కితే అటు కలుస్తుంది. అయితే పైనుంచి చూస్తే అది అచ్చం చదరమే, ఏ వరస అడ్డం, ఏ వరస నిలువు అన్నది కంటికి చప్పున తెలియదు. నేను పావు చుట్టు తిప్పి బిగించేశాను. తమ్ముడు గిటార్ తగిలించి, "అన్నయ్యా, మామూలు సౌండ్ వస్తోంది, నొక్కితే మాత్రం మొత్తం ఆగిపోతోంది, లైటూ వెలగట్లేదు" అన్నాడు. గంటసేపు బోర్డునే అనుమానించి ట్రాన్సిస్టర్లు కూడా మార్చాను. చివరికి మల్టీమీటర్‌లో బీప్ (రెండు చోట్లు కలిసి ఉంటే మోగేది) పెట్టి స్విచ్ కాళ్లు ఒక్కొక్కటే ముట్టిస్తే అర్థమైంది. అతికించిన వైర్లు విప్పుతుంటే వేడికి స్విచ్ ప్లాస్టిక్ మెత్తబడి ఒక కాలు ఊగిపోయింది, స్పేర్ ఉండబట్టి సరిపోయింది. ఒక్క వైరు కూడా అతికించకముందే బీప్‌తో చూసి, జత కలిసే కాళ్ల పక్కన మార్కర్‌తో గీత గీయండి, రెండు నిమిషాల పని.

ఇంకోటి, డబ్బా బోర్లించి పనిచేస్తాం కదా, అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. పైనుంచి కుడివైపు ఉండాల్సిన ఇన్‌పుట్ జాకు లోపల మీకు ఎడమవైపు కనిపిస్తుంది. పాట్లదీ అదే కథ.

అడాప్టర్ సాకెట్ కచ్చితంగా ప్లాస్టిక్‌దే తీసుకోండి. పెడళ్లకు వాడే 9 వోల్టుల అడాప్టర్లలో సాధారణంగా మధ్య పిన్ను నెగెటివ్, బయటి వైపు పాజిటివ్. మా పెడల్‌లో ట్రాన్సిస్టర్లు సిలికాన్ ఎన్‌పీఎన్ రకం, అందుకే గ్రౌండు, అంటే డబ్బా మొత్తం, నెగెటివే. మెటల్ సాకెట్ బిగిస్తే దాని ఒళ్లంతా పాజిటివ్ అయి డబ్బాకు తగిలి షార్ట్ అవుతుంది. ఎల్ఈడీకి 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టాను, చీకట్లో కళ్లలో పొడవకుండా సరిపడా వెలుగు వస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది ఇన్‌పుట్ జాకు. అక్కడ స్టీరియో జాకు పెట్టి, బ్యాటరీ నల్ల వైరును గ్రౌండుకు కాకుండా దాని రింగ్ కాలికి (మోనో జాకులో ఉండని అదనపు కాలు) అతికిస్తాం. గిటార్ ప్లగ్ మోనో కదా, దూర్చగానే దాని ఒళ్లు రింగ్‌ను గ్రౌండుతో కలిపేస్తుంది, అప్పుడే బ్యాటరీకి దారి దొరుకుతుంది. ప్లగ్ తీస్తే ఆఫ్. వేరే స్విచ్ లేకుండా ఒక్క వైరుతో ఇంత పని చేయించిన బుర్రకు నిజంగా దండం పెట్టాలి.

వాడు రాత్రి పెడల్ సంచిలో వేసుకుంటుంటే ఒక్కటే చెప్పాను, వాయించడం అయ్యాక ప్లగ్ పీకి పెట్టరా, లేకపోతే బ్యాటరీ ఊరికే అయిపోతూ ఉంటుంది అని.