తీనోస్: మోకాళ్ళ మీద చేరుకునే గుడి, దాని వెనకనున్న దీవి

గ్రీసు చూసివచ్చిన మనవాళ్ళ ఫోటోల్లో శాంతోరిని, మికోనోస్ దీవులే ఎక్కువగా కనిపిస్తాయి. మికోనోస్ నుంచి ఓడలో అరగంట ప్రయాణం చేస్తే వచ్చే తీనోస్‌కు మాత్రం విదేశీయుల కన్నా గ్రీకులే ఎక్కువగా వెళతారు. వాళ్ళలో చాలామంది వెళ్ళేది సముద్రస్నానానికి కాదు, మొక్కు చెల్లించుకోవడానికి. తిరుపతిలో పుట్టి పెరిగిన నేను కిందటి ఏడాది ఏథెన్స్ వెళ్ళినప్పుడు, మిగిలిన దీవులన్నీ పక్కనపెట్టి ఇక్కడికి వెళ్ళడానికి ఆ ఒక్క కారణం చాలింది. యాత్రాస్థలంగా పేరుపడిన ఊళ్ళకు ఒక చిక్కు ఉంటుంది. వచ్చినవాళ్ళు దర్శనం కాగానే తిరుగుబండి ఎక్కేస్తారు. పక్కనే చంద్రగిరి కోట ఉందనీ, కాస్త దూరం వెళితే తలకోన ఉందనీ వాళ్ళకు పట్టదు. తీనోస్‌ది కూడా సరిగ్గా ఇదే పరిస్థితి. అందుకే గుడి గురించి చెప్పి అక్కడితో ఆపకుండా, మిగిలిన దీవి గురించి కూడా రాస్తున్నాను.

ముందు గుడి సంగతి. ఓడరేవులో దిగగానే ఎదురుగా ఒక వెడల్పాటి వీధి నేరుగా కొండవాలు మీదికి ఎక్కుతుంది, ఆ వీధి చివరన మేరీమాతకు కట్టిన పనాగియా ఎవాంగెలిస్త్రియా చర్చి ఉంది. వీధికి ఒక అంచున సన్నని తివాచీ పరిచి ఉంటుంది. దాని మీద భక్తులు మోకాళ్ళతో పాకుతూ చర్చి దాకా వెళతారు. అలిపిరి నడకదారిలో మోకాళ్ళ పర్వతం దగ్గర మెట్లను మోకాళ్ళతో ఎక్కేవారిని చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళకు ఇందులో వింత ఏమీ తోచదు. నేను చూసినప్పుడు నడివయసు స్త్రీ ఒకరు మోకాళ్ళకు గుడ్డ చుట్టుకొని మెల్లగా కదులుతుండగా, కూతురు కాబోలు, ఒక అమ్మాయి నీళ్ళ సీసా పట్టుకొని పక్కనే నడుస్తోంది. ఎదురుగా వచ్చే కార్లు వాళ్ళను తప్పించుకొని పోతున్నాయి తప్ప ఎవరూ ఆగి చూడడం లేదు.

ఈ క్షేత్రానికి రెండు వందల ఏళ్ళ చరిత్రే ఉంది. గ్రీకులు ఒట్టోమన్ తురుష్కుల పాలన మీద తిరగబడింది 1821లో. ఆ మరుసటి ఏడాది, కొండ మీది కెహ్రోవూని మఠంలో ఉండే పెలాగియా అనే వృద్ధ సన్యాసినికి మేరీమాత కలలో కనిపించి, ఫలానా పొలంలో తన పటం పూడి ఉందని చెప్పిందట. తవ్వకాలు సాగగా 1823 జనవరి 30న ఒక కూలివాని పనిముట్టు చెక్కకు తగిలి, దేవదూత మేరీకి శుభవార్త చెప్పే చిత్రం రెండు ముక్కలుగా బయటపడింది. స్వాతంత్ర్య పోరాటం నడుమ దొరకడంతో, దేవతే తమ పక్షాన ఉందన్న నమ్మకం గ్రీకులలో బలపడింది, ఈ చర్చి మొత్తం జాతికే పుణ్యక్షేత్రమైంది. పెలాగియాను చర్చి 1970లో పునీతురాలిగా ప్రకటించింది. ఇప్పుడు ఆ పటాన్ని బంగారు తొడుగూ, భక్తులిచ్చిన నగలూ ఎంతగా కప్పేశాయంటే, అసలు బొమ్మ కంటికి ఆనడమే కష్టం.

లోపల నన్ను కదలనివ్వనివి పైకప్పు నుంచి వేలాడే వెండి దీపాలు. ఒక్కో దీపం కింద ఒక్కో వెండి బొమ్మ వేలాడుతుంది: ఓడ, కాలు, కన్ను, ఇల్లు. ఒక ఓడ బొమ్మ అడుగున చేప అతుక్కొని ఉంటుంది. తుఫానులో ఓడకు పడిన చిల్లిని ఒక చేప వచ్చి మూసిందని, బతికి బయటపడ్డ నావికులు దానిని సమర్పించారని కథ. గుమ్మానికి దగ్గరలో వెండి నారింజ చెట్టు ఉంది. అమెరికాకు వలస వెళ్ళిన ఒక అంధుడు, చూపు వస్తే మొదట కంటబడిన వస్తువునే వెండితో చేయించి ఇస్తానని మొక్కుకున్నాడట, అతనికి మొదట కనిపించింది నారింజ చెట్టట. మొక్కు విషయంలో ఇంత సాహసం మనవాళ్ళు చేయరనుకుంటాను. మొదట కనబడేది ఏనుగైతే ఏం చేసేవాడో!

చర్చి కింది భాగంలో ‘ఎల్లీ’ అనే యుద్ధనౌక స్మారకం ఉంది. చైనా కోసం అమెరికాలో తయారై, చివరికి 1914లో గ్రీసు కొనుక్కున్న ఓడ అది. 1940 ఆగస్టు 15న, మేరీమాత పండుగనాడు, అది జెండాలు కట్టుకొని రేవు బయట లంగరు వేసి ఉండగా ఇటలీ జలాంతర్గామి ఒకటి టార్పెడోతో ముంచేసింది. తొమ్మిదిమంది నావికులు చనిపోయారు. అప్పటికి ఆ రెండు దేశాల మధ్య యుద్ధమే లేదు. ఇటలీ దండెత్తినది అక్టోబరు 28న. పండుగపూట వేలమంది భక్తుల కళ్ళ ముందే జరిగిన ఈ దాడిని గ్రీకులు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఈ దీవికి భక్తులు రావడం మేరీమాతతో మొదలైందేమీ కాదు. ఊరికి పడమరగా రెండు మూడు కిలోమీటర్ల దూరంలో, కియోనియా బీచ్ పక్కనే, సముద్రదేవుడు పొసైడన్‌కూ అతని భార్య అంఫిట్రైటీకీ కట్టిన గుడి పునాదులున్నాయి. ఇక్కడి పొసైడన్‌ను వైద్యుడిగా కొలిచేవారు, ఆరోగ్యం కోరి దూరదూరాల నుంచి వచ్చేవారు. దేవుడు మారినా అడిగే వరం మాత్రం మారలేదన్నమాట. శిథిలాలు చూడడానికి ఎంతోసేపు పట్టదు, తరవాత ఈత కొట్టడానికి ఇసుక బీచ్ పక్కనే ఉంది.

దీవి నడిమధ్యన సుమారు 640 మీటర్ల ఎత్తున ఎక్సోబుర్గో అనే రాతిగుట్ట ఉంది. 1207 నుంచి వెనీస్‌వారి కోట, దీవి రాజధాని అక్కడే ఉండేవి. చుట్టుపక్కల దీవులన్నీ తురుష్కుల వశమైన తరవాత కూడా ఇది చాలాకాలం లొంగలేదు. 1715లో లొంగిపోయాక ఒట్టోమన్లు కోటను నేలమట్టం చేశారు. వెనీస్‌వారు కేథలిక్కులు, గ్రీకులు ఆర్థడాక్స్ క్రైస్తవులు; ఐదు వందల ఏళ్ళ ఆ వెనీస్ పాలన వల్లనే తీనోస్‌లో నేటికీ కేథలిక్ ఊళ్ళూ ఆర్థడాక్స్ ఊళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి. లోయల్లో కనిపించే పావురాల గూళ్ళు కూడా ఆ కాలపు సంప్రదాయమే. ఇవి రెండంతస్తుల కట్టడాలు. కింద సామాను, పైన పావురాలు. పలక రాళ్ళను త్రిభుజాలుగా, సూర్యబింబాలుగా, సైప్రస్ చెట్లుగా పేర్చి గోడల నిండా ముగ్గులు తీర్చినట్టు కట్టారు. మాంసానికీ, పొలాల ఎరువుకూ పెంచిన పక్షులకు ఇంత అందమైన ఇళ్ళు కట్టాలని వాళ్ళకెందుకు తోచిందో గాని, తరంబాదోస్ ఊరి కింది లోయలో వీటిని చూస్తూ తీరిగ్గా నడవవచ్చు. వోలాక్స్ ఊరు మరో వింత: ఇళ్ళ కన్నా పెద్దవైన గుండ్రటి గ్రానైట్ బండల మధ్య బుట్టలల్లేవారు కట్టుకున్న ఊరు అది.

ఒక్క ఊరికే సమయం ఉంటే మాత్రం పిర్గోస్‌కు వెళ్ళమంటాను. ఇది పాలరాతి పనివాళ్ళ ఊరు. తలుపుల పైన గాలి కోసం వదిలిన సందుల్లో పాలరాతి పలకలు అమర్చి ఉంటాయి. వాటిలో ఓడలు, పక్షులు, పూలకుండీలు రంధ్రాలతో సహా చెక్కారు. చివరికి బస్టాపు కూడా పాలరాయే. తీనోస్ పాలరాతి శిల్పకళను యునెస్కో 2015లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన తిరుపతిలో టీటీడీ శిల్ప శిక్షణ సంస్థ ఉన్నట్టే ఇక్కడ కుర్రవాళ్ళకు ఉలి పట్టడం నేర్పే బడి ఉంది.

ఆధునిక గ్రీసులో అందరికన్నా పేరుపడ్డ శిల్పి యాన్నూలిస్ హలెపాస్ 1851లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. ఏథెన్స్ మొదటి శ్మశానవాటికలో ఒక యువతి సమాధి మీద ‘నిద్రిస్తున్న యువతి’ శిల్పాన్ని చెక్కేనాటికి అతనికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. ఆ వెంటనే మతి చలించింది. 1888 నుంచి 1902 దాకా కోర్ఫూ దీవిలోని పిచ్చాసుపత్రిలో ఉన్నాడు. ఇంటికి తెచ్చాక, శిల్పమే అతని జబ్బుకు కారణమని నమ్మిన తల్లి, అతను చేసిన బొమ్మలను చేసినట్టే పగలగొట్టేది. 1916లో ఆమె చనిపోయిన తరవాతనే అతను మళ్ళీ స్వేచ్ఛగా బొమ్మలు చేశాడు; 1938లో మరణించేదాకా మానలేదు. పిర్గోస్‌లో అతని ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అతను పని చేసిన గది ఎంత ఇరుకుగా ఉందో చూస్తే, తల్లి కంటబడకుండా అక్కడ ఏదైనా దాచుకోవడం అసాధ్యమని అర్థమవుతుంది.

బీచ్‌ల విషయంలో గాలే నిర్ణేత. వేసవిలో ఉత్తరం నుంచి మెల్తేమి అనే గాలి రోజుల తరబడి వీస్తుంది. వాయుదేవుడు ఎయొలస్ నివాసం ఇక్కడి త్సిక్నియాస్ కొండేనని పురాణం చెప్పిందంటే నమ్మబుద్ధవుతుంది. ఉత్తరాన కొలింబిత్రలో పక్కపక్కనే రెండు ఇసుక తీరాలున్నాయి. పెద్దదానిలో అలలు ఎగిసిపడుతుంటే సర్ఫింగ్ చేసేవాళ్ళు సంబరపడతారు, చిన్నది ఒదిగి ఉండడంతో పిల్లలకు అనువుగా ఉంటుంది. పిర్గోస్ చూసినవాళ్ళు దాని రేవైన పానోర్మోస్‌కు దిగి అక్కడే చేపల భోజనం చేయవచ్చు. ఉత్తరపు గాలి మరీ ఎక్కువైన రోజున దక్షిణ తీరాన మికోనోస్‌కు ఎదురుగా ఉన్న అయియోస్ యోవానిస్ మేలు.

ఏథెన్స్ నుంచి వచ్చేవారికి పిరేయస్ కన్నా రఫీనా రేవు నుంచి ప్రయాణ సమయం తక్కువ. ఆగస్టు 15కు ముందూ వెనకా గది దొరకడం చాలా కష్టం. జాతర చూడాలన్న కోరిక లేనివారికి జూన్ గాని సెప్టెంబరు గాని హాయిగా ఉంటుంది. గాలి మితిమీరితే ఓడలను రేవు దాటనివ్వరు కాబట్టి, తిరుగు విమానం ఉన్న రోజునే ఓడ టికెట్ పెట్టుకోకుండా, ఒక రోజు ముందే ఏథెన్స్ చేరుకునేలా చూసుకోవాలి.