కంచుకోటలో అమ్మ తొలి ఓటు

నాకు అమెరికా పౌరసత్వం వచ్చి ఏడేళ్లయినా, 2024 దాకా ఒక్క ఆగస్టులోనూ ఓటేయలేదు. నవంబరులో అధ్యక్ష ఎన్నికలు వస్తే వేసేదాన్ని. ఆగస్టు ప్రైమరీకి, అంటే నవంబరులో ఎవరు పోటీలో ఉండాలో తేల్చే తొలి ఓటింగుకి, ఇంటికొచ్చే బ్యాలెట్ కవరు మాత్రం కిచెన్ కౌంటర్ మీద బిల్లుల కింద ఉండిపోయేది. గడువు దాటాక రీసైకిల్ డబ్బాలో పడేసేదాన్ని. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మా ఇల్లు సియాటిల్‌లో క్యాపిటల్ హిల్ మీద. వాషింగ్టన్ రాష్ట్ర శాసనసభ లెక్కలో మాది 43వ జిల్లా. డెమోక్రాట్లకు కంచుకోట. ఇక్కడ రిపబ్లికన్ గెలిచే ప్రశ్నే లేదు. నా ఒక్క ఓటుతో ఏం తేడా పడుతుందిలే అనుకునేదాన్ని. ఆఫీసులో మా తెలుగువాళ్లలో చాలామందిదీ ఇదే మాట.

నా ఆలోచన మార్చింది మా అమ్మ.

అమ్మ తెనాలి దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా పనిచేసి రిటైరైంది. టీచర్లంటే ఎన్నికల డ్యూటీ తప్పదు కదా. పంచాయతీ, అసెంబ్లీ, పార్లమెంటు, అన్నీ చేసింది. ముందురోజు సామగ్రి తీసుకుని బస్సెక్కడం, రాత్రి బడి వరండాలోనే పడుకోవడం, తెల్లారగట్ల ఏజెంట్ల ముందు మాక్ పోల్, ఇవన్నీ ఆవిడకి కొట్టినపిండి. 2024 మొదట్లో అమ్మకి ఇక్కడి పౌరసత్వం వచ్చింది. అప్పట్లో ఇంటర్వ్యూలో వంద ప్రశ్నల్లోంచి పది అడిగేవారు, ఆరు సరిగ్గా చెబితే పాస్. అమ్మ వంద ప్రశ్నలూ బట్టీ పట్టింది. గవర్నరు ఎవరు, రాష్ట్ర రాజధాని ఏది లాంటివన్నీ ఉన్నాయందులో. ప్రమాణం చేసి ఇంటికొచ్చిన రోజు సాయంత్రం అడిగింది.

"ఏమే, మన ఎమ్మెల్యే ఎవరు? ఆ వందలో ఈ ప్రశ్న లేదు."

ఏడేళ్లుగా పౌరురాలినైన నాకు ఆ పేరు తెలియదు. ఫోన్లో వెతికి చెప్పాల్సి వచ్చింది. వాషింగ్టన్‌లో 49 జిల్లాలు. ఒక్కో జిల్లాకి ఒక సెనేటరు, ఇద్దరు ప్రతినిధులు. మా ఇద్దరు ప్రతినిధుల్లో ఒకరు ఫ్రాంక్ చాప్. 1995 నుంచీ ఆ సీటు ఆయనదే. 1999 నుంచి 2019 దాకా సభకి స్పీకరుగా ఉన్నారు. ఈ రాష్ట్రంలో అంతకాలం స్పీకరుగా ఇంకెవరూ లేరు. ఆయన పేరు చెబితే అందరికీ ముందు గుర్తొచ్చేది పేదలకు ఇళ్ల విషయం. ఆ మార్చిలోనే ఆయన ఇక పోటీ చేయనని చెప్పేశారు. ఏడాది తర్వాత, 2025 మార్చిలో కన్నుమూశారు.

దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత ఖాళీ అయిన సీటు. అదీ కంచుకోటలో. అమ్మ కళ్లు మెరిశాయి.

"అయితే టికెట్ కోసం కొట్టుకు చస్తుంటారే! ఎవరిస్తారు ఇక్కడ టికెట్?"

ఎవరూ ఇవ్వరమ్మా అన్నాను. మే నెలలో నామినేషన్ల వారం ఉంటుంది. ఆ పదవి ఏడాది జీతంలో ఒక శాతం ఫీజు కడితే ఎవరైనా పేరు నమోదు చేసుకోవచ్చు. అంత డబ్బు లేకపోతే, ఫీజు ఎన్ని డాలర్లో అంతమంది ఓటర్ల సంతకాలు తెచ్చినా చాలు. పేరు కింద ఏ పార్టీ అంటే ఇష్టమో రాసుకుంటారు. అది అభ్యర్థి ఇష్టం, పార్టీ అనుమతితో పనిలేదు. ఆగస్టు ప్రైమరీలో అందరూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు. ఎక్కువ ఓట్లొచ్చిన మొదటి ఇద్దరు, ఏ పార్టీ అయినా సరే, నవంబరుకి వెళతారు. 2008 నుంచీ ఇక్కడ ఇదే పద్ధతి.

అమ్మ కాసేపు ఆలోచించింది. "అంటే ఆగస్టులో టికెట్ ఇచ్చేది మనమేనన్నమాట. మన దగ్గర కంచుకోటలో టికెట్ తెచ్చుకున్నవాడు గెలిచినట్టే. అది ఏ పెద్దాయన ఇంట్లోనో తేలిపోతుంది, మనకి కనపడదు. ఇక్కడ ఇంటికే కాగితం పంపి నువ్వే చెప్పవే అంటుంటే, దాన్ని చెత్తలో వేశావా?"

నాకు సమాధానం లేదు.

జూలై మూడో వారంలో బ్యాలెట్లొచ్చాయి, నాకొకటి, అమ్మకొకటి. అంతకుముందే ఓటర్ల కరదీపిక వచ్చింది, అభ్యర్థులు ఎవరి గురించి వాళ్లు రాసుకున్న మాటలతో. అమ్మ దాన్ని పరీక్ష పేపర్లు దిద్దినట్టు పెన్సిలుతో చదివింది. గవర్నరు పదవికే 28 మంది. ఆ సీటూ ఖాళీయే, మూడుసార్లు చేసిన జే ఇన్స్‌లీ తప్పుకున్నారు. మే నెలలో జరిగిన ఒక సంగతి చెబితే అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. అటార్నీ జనరల్ బాబ్ ఫెర్గూసన్ గవర్నరుకి పోటీ చేస్తుంటే, చివరి నిమిషంలో ఇంకో ఇద్దరు బాబ్ ఫెర్గూసన్‌లు నామినేషన్ వేశారు! తర్వాత ఇద్దరూ విరమించుకున్నారు. పేరు కలిసిన అభ్యర్థిని దించడం మన ఊళ్లలోనే ఉందనుకున్నాం ఇన్నాళ్లూ.

మా జిల్లా సీటు దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. అసలు కష్టం అక్కడే. పార్టీ పేరు చూసి గుడ్డిగా వేసేద్దామంటే కుదరదు, ఒకే పార్టీ పేరు రాసుకున్నవాళ్లు ఒకరికి మించి ఉన్నారు. షాన్ స్కాట్ చరిత్ర రాసే మనిషి, సోషలిస్టు ఉద్యమం నుంచి వచ్చినవాడు, అద్దెల మీద అదుపు ఉండాలంటాడు. ఆండ్రియా సువారెజ్ వీధుల్లో చెత్త, గుడారాలు తీయించే వాలంటీరు సంస్థ పెట్టిన మనిషి. ఇద్దరూ డెమోక్రటిక్ పార్టీ అనే రాసుకున్నారు. ఇద్దరి మధ్యా మాత్రం అగాథమంత తేడా. బయటినుంచి చూసేవాళ్లకి ఇది 'సేఫ్ సీటు'. మేం రోజూ నడిచే ఫుట్‌పాత్ మీద గుడారంలో పడుకున్న మనిషికి ఏం జరగాలన్నది తేలేది మాత్రం ఇక్కడే. అమ్మ మూడు రోజులు ఆలోచించింది. ఎవరికి వేసిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. వేసేటప్పుడు తన గది తలుపు దగ్గరగా వేసుకుంది. ఎన్నేళ్లు డ్యూటీ చేసిందో అంత నిష్ఠ.

క్యూ లేదు, వేలికి సిరా లేదు అని మాత్రం కాస్త దిగులుపడింది. బ్యాలెట్ మడిచి కవర్లో పెట్టి, కవరు మీద ప్రమాణ వాక్యం కింద సంతకం చేసి, ఇద్దరం నడుచుకుంటూ వెళ్లి డ్రాప్ బాక్సులో వేశాం. అమ్మ కవరు వదిలాక ఆ చీలికలోకి ఒకసారి వంగి చూసింది, పడిందా లేదా అని.

ఆగస్టు 6 రాత్రి తొలి లెక్కల్లోనే స్కాట్ మొదట, సువారెజ్ తర్వాత. గడువులోగా పోస్టులో వేసిన ఓట్లు ఇంకా వస్తూనే ఉంటాయి కాబట్టి లెక్కింపు రోజుల తరబడి సాగుతుంది.

తర్వాతి వారం అమ్మ పేరు మీద ఉత్తరం వచ్చింది. కవరు మీది సంతకం రికార్డులో ఉన్నదానితో సరిపోలేదని, సరిచేస్తేనే ఓటు లెక్కిస్తామని.

నాకు వెంటనే అర్థమైంది. అమ్మ స్టేట్ ఐడీ తీసుకున్న రోజు, అక్కడి స్క్రీన్ మీద ఇంగ్లిషు అక్షరాల్లో పొడిపొడిగా పేరు రాసింది. ఓటరు నమోదుకి ఆ సంతకమే వెళ్లింది. బ్యాలెట్ కవరు మీద మాత్రం తెలుగులో చేసింది. ముప్పై ఏళ్లు హాజరు పట్టీల మీదా, మార్కుల రిజిస్టర్ల మీదా పెట్టిన సంతకం అది. ఇంటిపేరు పొడి అక్షరం, చుక్క, పేరు, చివర ఒక గీత.

అమ్మ ఉత్తరం రెండుసార్లు చదివి కుర్చీలో కూర్చుండిపోయింది. చాలాసేపటికి నోరు విప్పింది.

"ఒకసారి నా బూత్‌కి ఒక తాత వచ్చాడే. రిజిస్టరు చూస్తే ఆయన ఓటు అప్పటికే ఎవరో వేసేశారు. చేతులు వణుకుతున్నాయి పాపం. రూలు ప్రకారం టెండర్ ఓటు ఇచ్చాం. వేసి వెళ్లు తాతా అన్నాను. సంతోషంగా వెళ్లాడు. అది కవర్లో పెట్టి సీలు వేస్తాం, మామూలుగా లెక్కపెట్టరు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు." కాసేపాగి అడిగింది. "ఇదీ అలాంటిదేనా? నాది పక్కన పెట్టేస్తారా?"

ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. కాదమ్మా, ఇది లెక్కపెడతారు అన్నాను. ఫలితాలు ఖరారు చేసే రోజు ఆగస్టు 20, దానికి ముందురోజు లోపల ఫారం అందితే చాలు. పోస్టులో పంపొచ్చు, ఈమెయిల్ చేయొచ్చు. అమ్మ ఒప్పుకోలేదు, చేతికిచ్చి వస్తానంది. మర్నాడు సెలవు పెట్టి రెంటన్‌లోని కింగ్ కౌంటీ ఎన్నికల కార్యాలయానికి తీసుకెళ్లాను.

కౌంటర్ దగ్గర అమ్మ తన స్టేట్ ఐడీ తీసి పక్కన పెట్టుకుని, దానిమీది ఇంగ్లిషు సంతకాన్ని చూస్తూ వేయబోయింది. కౌంటర్‌లో అమ్మాయి ఆపింది. "కవరు మీద ఎలా చేశారో అలాగే చేయండి. ఏ భాషైనా పర్వాలేదు. ఇకముందు అదే మీ రికార్డులో ఉంటుంది" అని చెప్పింది. అమ్మ నావైపు చూసింది. ఐడీ కార్డు తిరగేసి పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని, పెన్ను గట్టిగా పట్టుకుని తెలుగులో పెట్టింది. చుక్క, పేరు, గీత. రిటైరయ్యాక ఆ సంతకం అంత తీరిగ్గా పెట్టడం నేను చూడలేదు.

ఆ భవనంలో లోపలి పని ఎవరైనా అద్దాల్లోంచి చూడొచ్చు. మేం అరగంట పైనే నిలబడ్డాం. ఒకపక్క కంప్యూటర్ల ముందు కూర్చుని కవరు మీది సంతకాన్ని, రికార్డులో సంతకాన్ని పోల్చి చూస్తున్నారు. ఇంకోపక్క కవర్లు తెరిచి బ్యాలెట్లు వేరుచేస్తున్నారు, పేరు ఓటుతో కలిసి ప్రయాణించకుండా. అమ్మ నుదురు అద్దానికి ఆనించి ఒక్కో మెట్టూ నాకు వివరించింది. ఎక్కడా ఒక్కరే లేరు చూడు, ఇద్దరిద్దరు ఉన్నారు, అలాగే ఉండాలి అంది. తన సంతకాన్ని ఆపినవాళ్ల మీద ఆవిడకి కోపం లేదు. "నేనైనా ఆపేదాన్నే. సరిపోలలేదు కదా. ఆపి, మళ్లీ పిలిచారు. అదీ పద్ధతి" అంది కారెక్కుతూ.

రెండు రోజుల తర్వాత ఆన్‌లైన్‌లో అమ్మ బ్యాలెట్ లెక్కకి చేరినట్టు కనిపించింది.

మా జిల్లా సీటులో తేడా పెద్దదే, అమ్మ ఓటు వల్ల ఎవరూ గెలవలేదు, ఓడలేదు. అదే బ్యాలెట్ మీద ఇంకో పదవి ఉంది, రాష్ట్ర ప్రభుత్వ భూముల కమిషనరు. అదీ ఖాళీ సీటే. 19 లక్షలకు పైగా ఓట్లు పడితే, రెండో స్థానం కోసం డేవ్ అప్‌తెగ్రోవ్, స్యూ కూల్ పెడర్సన్ మధ్య తేడా చేత్తో మళ్లీ లెక్కపెట్టాక 49 ఓట్లు. రాష్ట్రం మొత్తానికి 49! అలా బయటపడిన అప్‌తెగ్రోవే నవంబరులో గెలిచి కమిషనరయ్యారు. ఆ వార్త చదివిన రాత్రి, ఇన్నేళ్లూ నేను రీసైకిల్ డబ్బాలో వేసిన కవర్లు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఆ ఆగస్టులో రాష్ట్రంలో పదిమంది ఓటర్లలో సుమారు నలుగురే ఓటేశారు. నవంబరులో దాదాపు ఎనిమిదిమంది వేశారు. ఆగస్టులో వేసిన ఆ నలుగురు కుదించి ఇచ్చిన జాబితాలోంచే మిగతావాళ్లు ఎంచుకున్నారన్నమాట.

అప్పటినుంచి ఆఫీసులో తెలుగువాళ్లతో పనిగట్టుకుని మాట్లాడుతున్నాను. ఎవరికి వేయాలో చెప్పను. తల్లిదండ్రులు పౌరులైతే, వాళ్ల ఐడీ మీద సంతకం ఎలా ఉందో కవరు మీద పెట్టేముందు ఒకసారి చూడమంటాను. సంతకం చేయలేని పెద్దవాళ్లు ఇద్దరు సాక్షుల ముందు గుర్తు పెట్టవచ్చని చెబుతాను. ఆగస్టు తేదీ ఫోన్లో పెట్టుకోమంటాను. కొందరు వింటారు, కొందరు నేను ఒకప్పుడు అన్న మాటే అంటారు.

నవంబరులో మా సీటుకి బ్యాలెట్ మీద రెండే పేర్లు, రెండింటి కిందా ఒకే పార్టీ. స్కాట్ గెలిచి రాష్ట్ర రాజధాని ఒలింపియాకి వెళ్లారు. ఆ కవరు మీద అమ్మ ఏ సందేహమూ లేకుండా తెలుగులో సంతకం చేసింది. డ్రాప్ బాక్సులో వేసి వచ్చిన దగ్గర్నుంచి పొద్దునా సాయంత్రం ఫోన్లో చూడమని నన్ను అడుగుతూనే ఉంది. మూడోనాడు కనిపించింది, సంతకం సరిపోయిందని. ఫోను నా చేతిలోంచి తీసుకుని, స్క్రీను పెద్దది చేసుకుని ఆ లైను తనే చదువుకుంది.