ఫోటో చూసి మనిషిని గీయాలంటే ముందు బరువెక్కడుందో వెతకండి

ఫోటో చూసి గీసిన బొమ్మల్లో తరచూ కనిపించే లోపం ఒకటుంది. అంచులన్నీ సరిగ్గానే ఉంటాయి, మనిషి మాత్రం నేల మీద ఆనడు. అంచు ఫోటోలో తేలిగ్గా దొరుకుతుంది. బరువు అలా దొరకదు, వెతుక్కోవాలి.

మొదట మూడు గీతలు చాలు: తల నుంచి బరువు మోసే పాదం దాకా సాగే పొడవాటి వంపు, భుజాల వాలు, తుంటి వాలు. ఒంటికాలి మీద బరువు వేసి నిలబడితే సాధారణంగా ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం దిగుతుంది. గొంతుగుంట నుంచి నిట్టనిలువుగా ఒక గీత దించితే అది ఆ పాదం దగ్గరే పడాలి. ఇదంతా రెండు నిమిషాల పని. ముఖం, బట్టల మడతలు తర్వాత.

ఈ లెక్క ఏ ఆసరా లేకుండా నిలబడ్డవాళ్లకే. కళింగపట్నం తీరంలో వల లాగే మనిషి వెనక్కి వాలి ఉంటాడు. అతని గొంతుగుంట నుంచి దించిన గీత మడమల వెనక ఇసకలో పడుతుంది. అతన్ని పడిపోకుండా ఆపుతున్నది తాడు. చాలామంది తెలియకుండానే ఆ వాలును సరిచేసి నిటారుగా గీసేస్తారు, లాగుడంతా పోతుంది. అందుకే తాడును మనిషికన్నా ముందు గీయండి.

రొమ్ము మీద తప్పెట (చిన్న వాద్యం) కట్టుకుని, వాయిస్తూ ఎగిరి ఆడే తప్పెటగుళ్లు నృత్యం ఇంకా కష్టం. ఎగిరినప్పుడు గాలిలో అందిన ఫోటో బాగుంటుంది కానీ, పైకి లేచిన చివరి క్షణంలో శరీరం వేలాడినట్టే కనిపిస్తుంది. నేలను తన్నే ముందు, దిగాక మోకాళ్లు వంగినప్పుడు ఉండే బిగువు అందులో ఉండదు. పగటి వెలుతురులో సెకనుకు 60 ఫ్రేముల వీడియో తీసి ఆ రెండు క్షణాలనూ ఏరుకోండి. సాయంత్రమైతే ఫోన్ షట్టర్ నెమ్మదించి చేతులు చెదిరిపోతాయి. ఇక రొమ్ము మీది తప్పెట పక్కటెముకల గూడును కప్పేస్తుంది. ముందు గూడును పెట్టెలా గీసి, తప్పెటను దాని మీద తగిలించాలి. లేకపోతే తప్పెటకు చేతులు మొలిచినట్టుంటుంది.

ఫోటో మీరే తీస్తుంటే దూరమే అన్నిటికన్నా ముఖ్యం. మీటరున్నర దూరం నుంచి తీస్తే, 60 సెంటీమీటర్లు ముందుకు చాచిన చెయ్యి ఒంటితో పోలిస్తే 1.6 రెట్లకు పైగా పెద్దదిగా పడుతుంది. 4 మీటర్ల నుంచైతే 1.2 రెట్ల లోపే. కాబట్టి వెనక్కి జరిగి 2ఎక్స్ లెన్స్ వాడండి. ఫోన్ బొడ్డు ఎత్తులో నిటారుగా ఉండాలి. కళ్ల ఎత్తు నుంచి కిందికి వంచితే తల పెద్దదై కాళ్లు కురచవుతాయి. ఫ్లాష్ వద్దు, ఒంటి గుండ్రదనాన్ని అది చదును చేసేస్తుంది. పక్కన ఒక్క కిటికీ వెలుగు చాలు.

పొందూరులో రాట్నం ముందు కూర్చున్న మనిషిని తీస్తే తొడ మనవైపు పొడుచుకొచ్చి కురచగా కనిపిస్తుంది. అలా వచ్చినదాన్ని నమ్మి అలాగే గీయండి, తొడ ఇంత పొడవుండాలి కదా అని సాగదీయొద్దు. చీర కింద మోకాలు ఎక్కడుందో తెలియకపోతే, బిగిసిన మడతలు ఏ చోటి నుంచి చీలుతున్నాయో చూడండి, మోకాలు అక్కడే.

తీసేముందు వాళ్లను అడగండి. ఒప్పుకుంటే అదే వెలుతురులో చేతులు, పాదాలు విడిగా దగ్గర నుంచి కూడా తీసుకోండి. నిలువెత్తు ఫోటోలో వేళ్లు గీయడానికి సరిపడేంత వివరం ఉండదు.