అమ్మమ్మ చీర, పాప బొంత

పాపకి ఐదో నెల. నిన్న రాత్రి దాని బొంత పూర్తయింది. అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడిన మంగళగిరి నూలు చీర పైకీ కిందకీ, మధ్యలో అమ్మ పాత చీర రెండు మడతలు. జరీ అంచు ఒంటికి గుచ్చుకుంటుందని ముందే కత్తిరించేశాను. చుట్టూ మిషన్ కుట్టు, లోపలి పొడుగు కుట్లన్నీ చేత్తోనే, పాప నిద్రపోయినప్పుడల్లా కాసేపు. పన్నెండు రోజులు పట్టింది.

డైపర్లు కూడా ఇంట్లో కుట్టిన గుడ్డవే. మొదటి వారం తడి ఆగక చాలా టెన్షన్ పడ్డాను, ఒకరోజు ఏడ్చేశాను కూడా. "గుడ్డలో గంజి ఉందే పిచ్చిదానా, అది పోయేదాకా నీళ్లు పీల్చదు. నాలుగుసార్లు ఉతికి ఎండెయ్యి" అంది అమ్మమ్మ. నిజంగానే ఆ తర్వాత ఇబ్బంది లేదు. బట్టలు మెత్తబడటానికి కలిపే లిక్విడ్ కూడా మానేశాను, దాని పొర పట్టినా గుడ్డ పీల్చదు. ప్రయాణాలకి మాత్రం కొన్న డైపర్లే. రోజూ ఉతికి దండెం మీద ఆరేసేది మావారే, ఆయన లేకపోతే ఇది సాగేది కాదు.

పొద్దున పాపని బొంత మీద పడుకోబెట్టాం. అమ్మమ్మ పక్కనే కూర్చుని చాలాసేపు ఆ గుడ్డని నిమిరింది. "మీ అమ్మ పెళ్లిచూపులకి ఇదే కట్టుకున్నాను" అంది.